‘బాగానే ఉన్నాడు’ అన్న రాత్రి

ఫిబ్రవరి నెల. రాత్రి ఎనిమిది దాటింది. పరిటాలలో హైవే పక్కన టీ బంకు దగ్గర నిలబడి ఉన్నారు మీరు. కాస్త దూరంలో దీపాల వెలుగులో 135 అడుగుల వీర అభయ ఆంజనేయస్వామి విగ్రహం. జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు లారీలు, దొనబండ క్రషర్ల నుంచి కంకర టిప్పర్లు, కళ్లాల నుంచి బయల్దేరిన మిర్చి టిక్కీల లోడ్లు, హైదరాబాదు బస్సులు. ఒకప్పటి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 65, ఒక్క క్షణం ఖాళీగా ఉండటం లేదు. మిరప ఘాటూ రాతిపొడీ కలిసి గొంతులో పడుతున్నాయి.

మీ చెల్లెలి కొడుకు కంచికచర్ల నుంచి బండి మీద వస్తున్నాడు. ఇరవై ఏళ్లవాడు. హెల్మెట్ ఉంది, కానీ అది బండి అద్దానికి వేలాడుతోంది. రోడ్డు మార్జిన్లో సుబాబుల్ కర్రల లోడుతో ఒక ట్రాక్టరు ఆగి ఉంది. ట్రక్కు వెనక ఎర్ర దీపం లేదు, రేడియం స్టిక్కరూ లేదు. ఎదుటి నుంచి వచ్చే లైట్లు కళ్లలో కొట్టి, చివరి క్షణంలో పక్కకి తిప్పాడు. హ్యాండిల్ ట్రక్కు అంచుకు తగిలింది. మీకు వినపడింది చప్పుడే. పరిగెత్తి వెళ్లేసరికి కుర్రాడు ఎడమ పక్కకి పడి ఉన్నాడు, కళ్లు మూసుకుని.

ఒక నిమిషం పలకలేదు. తరువాత కళ్లు తెరిచాడు. మిమ్మల్ని గుర్తుపట్టాడు. ‘ఏం కాలేదు మావయ్యా, బండి చూడు’ అన్నాడు. ఎడమ చెవికి పైన కణత దగ్గర చిన్న బొప్పి. రక్తం లేదు. చుట్టూ చేరిన పది మందికీ ఒక్కసారి ఊపిరి తిరిగింది. ఒకాయన మొహాన నీళ్లు చల్లాడు, ఒకాయన షోడా కొట్టి తెచ్చాడు. ‘స్వామి దయ, బాగానే ఉన్నాడు. ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టండి, పొద్దున్నే చూసుకోవచ్చు’ అని అందరూ ఒకే మాట. మీకూ అదే నిజమనిపిస్తోంది. లేచి కూర్చున్నాడు, మాట్లాడుతున్నాడు. ఇంకేం కావాలి?

ఆ బొప్పి కింద జరుగుతున్నది చూడగలిగితే మీరు అలా అనుకోరు. కణత దగ్గర పుర్రె ఎముక మిగతా చోట్లకన్నా పలచన. దాని లోపలి గోడను ఆనుకుని ఒక ధమని పోతుంది. ఎముక చిట్లినప్పుడు ఆ ధమని కూడా చీలింది. మెదడును కప్పి ఉంచే గట్టి పొర పేరు డ్యూరా. చిమ్ముతున్న రక్తం ఆ పొరకీ ఎముకకీ నడుమ చేరి, పొరను కొంచెం కొంచెంగా ఎముక నుంచి విడదీస్తోంది. దీన్ని ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అంటారు. మెదడు ఇంకా దెబ్బతినలేదు, అందుకే కుర్రాడు మాట్లాడుతున్నాడు. పుర్రె సాగే సంచి కాదు. మెదడు, రక్తం, వెన్నునీరు మూడూ కలిసి నిండిన గట్టి పెట్టె. కొత్తగా గడ్డ చేరితే ముందు వెన్నునీరు పక్కకి తప్పుకుంటుంది, తరువాత సిరల్లో రక్తం తప్పుకుంటుంది. అలా తప్పుకునే చోటు ఉన్నంతసేపూ మనిషి బాగానే ఉంటాడు. ఆ చోటు అయిపోయిన నిమిషం నుంచి మెదడు నలుగుతుంది. ఈ నడిమి వ్యవధి అరగంట కావచ్చు, కొన్ని గంటలు కావచ్చు. ఎంతోమంది ఈ వ్యవధిలోనే ఇంటికి వెళ్లి పడుకున్నారు. గురక పెడుతుంటే మంచి నిద్ర పట్టిందనుకున్నారు ఇంట్లోవాళ్లు.

ఈ రాత్రి ఆ గుంపులో ఊరి ఆశా కార్యకర్త ఉంది. కుర్రాణ్ని లేపబోతున్న చేతుల్ని ఆపింది. ‘కదపొద్దండి, మెడకి దెబ్బ తగిలి ఉండొచ్చు. షోడా పట్టించొద్దు, వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోద్ది. అన్నా, స్పృహ తప్పాడా? ఎంతసేపు?’ అంది. మీరు ఒక నిమిషం అన్నారు. ఆమె అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ‘పరిటాల, ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర. విజయవాడ వెళ్లే వైపు. బండి యాక్సిడెంటు, తలకి దెబ్బ, స్పృహ తప్పి లేచాడు.’

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ ఇప్పుడు మనకు నల్లా తిప్పితే నీళ్లు వచ్చినంత మామూలైపోయింది. ఆ నంబరు లేని రోజుల్లో ఇదే రోడ్డు మీద దెబ్బతిన్నవాళ్లు ఖాళీ లారీల్లో, ఆటోల్లో మడతపడి వెళ్లారు. కేసులో ఇరుక్కుంటామన్న భయంతో ఆగని బండ్లూ ఉండేవి. ఆ భయానికి ఇప్పుడు చోటు లేదు. గాయపడినవాణ్ని ఆస్పత్రికి చేర్చినవారిని పోలీసులు గానీ ఆస్పత్రి గానీ వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ చేరింది.

కంచికచర్ల వైపు నుంచి నీలి దీపం కనబడింది. అంబులెన్సులో వచ్చిన అత్యవసర వైద్య సహాయకుడు, అంటే ఈఎంటీ, దిగి కుర్రాడి మెడకు కాలర్ బిగించాడు. ఇద్దరు ముగ్గురి సాయంతో తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా బోర్డు మీదికి జరిపాడు. టార్చి కళ్లలో వేసి చూశాడు. ‘పేరేంటి తమ్ముడూ? ఏ ఊరు? ఈ చెయ్యి గట్టిగా పట్టుకో.’ అన్నిటికీ జవాబు వచ్చింది. ఈఎంటీ కాగితం మీద 15 అని రాశాడు. మీరు వెనక బెంచీ మీద కూర్చున్నారు. డ్రైవరు బండి కదిలించాడు.

దొనబండ దాటింది. కుర్రాడు తలనొప్పి అన్నాడు. మూలపాడు దగ్గర వాంతి చేసుకున్నాడు. ఈఎంటీ బోర్డుతో సహా పక్కకి తిప్పి నోరు శుభ్రం చేశాడు. ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కిటికీలోంచి జరిగిపోతుండగా మళ్లీ పేరు అడిగాడు. కుర్రాడు కళ్లు తెరిచాడు కానీ ఏదో గొణిగాడు. కుడి చేతి పట్టు సడలింది. కాగితం మీద 15 కాస్తా 12 అయింది.

ఆ అంకెను ఆ బండిలోకి తెచ్చింది స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరం. గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు 1974లో ఈ కొలత ప్రకటించారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కాళ్లూ చేతుల కదలికకు 6. మొత్తం 15. అన్నీ పోయినా 3 మిగులుతుంది. 8కి దిగిందంటే కోమా. అంతకుముందు ‘మత్తుగా ఉన్నాడు’, ‘సగం స్పృహలో ఉన్నాడు’ అని ఎవరికి తోచిన మాట వాళ్లు రాసేవారు. ఇప్పుడు ఈఎంటీ ఆస్పత్రికి ఫోన్ చేసి ‘15 ఉన్నది 12కి వచ్చింది, కుడి పక్క బలం తగ్గింది’ అంటే చాలు, అవతల వింటున్న డాక్టరు కళ్ల ముందు పేషెంటు నిలబడతాడు. అంకె ఎంత అన్నదానికన్నా అది పడిపోతోందా అన్నదే ఆ డాక్టరు వినేది.

ఈఎంటీ ఇంకో ప్రశ్న కూడా అడిగాడు: ‘స్కాన్ ఖాళీగా ఉందా? న్యూరోసర్జన్ ఉన్నారా?’ తలకు దెబ్బ తగిలినప్పుడు దగ్గరున్న ఆస్పత్రి కన్నా ఈ రెండూ ఒకే కప్పు కింద ఉన్న ఆస్పత్రి ముఖ్యం. రెండు మూడు గుమ్మాలు ఎక్కి దిగేలోపు గడ్డ పెరుగుతుంది. గుంటుపల్లి, గొల్లపూడి, భవానీపురం. విజయవాడ వచ్చేసింది.

క్యాజువాలిటీ తలుపు తెరుచుకుంది. ‘పేషెంటు తాలూకు ఎవరండీ?’ మీరు చెయ్యి ఎత్తారు. పచ్చరంగు ఓటీ దుస్తుల్లో ఒకావిడ ముందుకొచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో. ఆవిడే న్యూరోసర్జన్. మీతో మాట్లాడకముందే కుర్రాడి రెండు కళ్లలో లైటు వేసింది. కుడి కంటిపాప చిన్నదైంది. ఎడమ పాప పెద్దగా విచ్చుకుని అలాగే ఉండిపోయింది. నాడి నిమిషానికి 52, బీపీ పైకి ఎగబాకింది. ఇప్పుడు అంకె 8. ‘ట్యూబ్ వెయ్యండి, మానిటాల్ ఎక్కించండి, స్కాన్‌కి తీసుకెళ్లండి, థియేటర్‌కి చెప్పండి.’ నాలుగూ ఒకే గుక్కలో.

ఎడమ పక్క గడ్డ మెదడును లోపలికి నెడితే, ఎడమ కంటిపాపను నడిపే నాడి నలుగుతుంది. ఎడమ మెదడు శాసించే కుడి చెయ్యి బలం కోల్పోతుంది. కింద మెదడుకాండం ఒత్తుకుపోతుంటే నాడి నెమ్మదిస్తుంది, బీపీ పెరుగుతుంది. కళ్లు, చేతులు, నాడి చూసి గడ్డ ఏ పక్కన ఉందో, ఎంత వ్యవధి మిగిలిందో యంత్రం కన్నా ముందే చెప్పగలగడం ఈ విద్యలో మొదటి పాఠం.

స్కాన్ నిమిషాల్లో అయిపోయింది. తెర మీద బూడిదరంగు మెదడు. దాని ఎడమ అంచున రెండు వైపులా ఉబ్బిన తెల్లటి మచ్చ. మధ్యగీత కుడికి జరిగిపోయింది. గడ్డ 30 మిల్లీలీటర్లు దాటితే మనిషి మెలకువగా ఉన్నా సరే తీసెయ్యాలన్నది ఇప్పటి వైద్యం ఒప్పుకున్న హద్దు. ఇది అంతకు రెట్టింపు ఉంది. ఇలా పుర్రె తెరవకుండా లోపలి గడ్డను చూడటం 1971 అక్టోబరు 1 దాకా ప్రపంచంలో ఎవరికీ సాధ్యం కాలేదు. ఆ రోజు లండన్ శివార్లలో అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో, గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంలో మొదటి రోగిని పడుకోబెట్టారు. హౌన్స్‌ఫీల్డ్ ఇంజినీరు, డాక్టరు కాదు. 1979లో ఆయనకు వైద్యంలో నోబెల్ ఇచ్చారు. అంతకుముందు సర్జన్లు లక్షణాలను నమ్ముకుని పుర్రెకు రంధ్రాలు వేసి గడ్డను వెతికేవారు. ఒకచోట దొరక్కపోతే ఇంకోచోట.

డాక్టరమ్మ మీ దగ్గరికి వచ్చింది. ‘బాబాయ్ గారూ, లోపల రక్తం గడ్డకట్టింది. ఇప్పుడే ఎముక తెరిచి తియ్యాలి. ప్రాణానికి ప్రమాదం ఉంది, దాచను. కానీ వెంటనే తెచ్చారు కాబట్టి బాగుపడే అవకాశం కూడా ఎక్కువే ఉంది. సంతకం పెట్టండి.’ ఖర్చు అని మీరు గొణిగారు. ‘అది వైద్య మిత్ర చూసుకుంటాడు, కార్డు అతనికివ్వండి. మీరు రక్తానికి మనుషుల్ని పిలవండి.’ 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో సాగుతున్న పథకంలో మెదడు ఆపరేషన్లూ ఉన్నాయి. ‘ఇల్లు అమ్మాలా?’ అన్న ప్రశ్న చాలా ఇళ్లలో నోటి దాకా వచ్చి ఆగిపోయేది అందువల్లే.

మామూలుగా బంధువుల్ని ఇక్కడే ఆపేస్తారు. ఈ రాత్రికి మీరు లోపలికి రండి. చల్లగా ఉంది. తల గుండు చేశారు, గోధుమరంగు మందు పూశారు, ఆకుపచ్చ గుడ్డలు కప్పి ఒక జానెడు చర్మం మాత్రం వదిలారు. చెవి ముందు నుంచి మొదలై పైకి వెళ్లి వెనక్కి తిరిగే కోత. అంచులకు క్లిప్పులు. డ్రిల్లు శబ్దం, ఎముక వేడెక్కకుండా సెలైన్ ధార. రంధ్రం పడింది. దాన్ని ఆధారం చేసుకుని గుండ్రంగా ఎముక కోశారు, ఎత్తి పక్కన పళ్లెంలో పెట్టారు. కింద జున్నులా వణుకుతున్న నల్లెరుపు గడ్డ. ఆవిడ తొందరపడటం లేదు. సక్షన్ గొట్టంతో కొంచెం, సెలైన్‌తో కడిగి కొంచెం. గడ్డ తగ్గుతున్నకొద్దీ, కిందికి నొక్కుకుపోయిన డ్యూరా పైకి లేస్తోంది. మత్తు డాక్టరు మానిటర్ చూసి ‘నాడి 70కి వచ్చింది మేడం’ అన్నాడు. చీలిన ధమని దొరికింది. సన్నటి చిమటా కొనల మధ్య విద్యుత్తుతో దాన్ని మూసేసింది. మళ్లీ రక్తం చేరకుండా డ్యూరాను ఎముక అంచులకు చుట్టూ కుట్టింది. ఎముకను తిరిగి పెట్టి చిన్న లోహపు పట్టీలతో బిగించింది. తెరిచినంత సేపూ మెదడును ముట్టుకోలేదు. ఈ ఆపరేషన్‌లో గొప్పతనం అదే. అడ్డు తీసేస్తే చాలు, మెదడు తనంతట తాను నిలదొక్కుకుంటుంది.

ఆ చేతుల వెనక ఎన్నేళ్లున్నాయో లెక్క వెయ్యండి. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఒక ఏడాది. తరువాత జనరల్ సర్జరీలో ఎంఎస్ మూడేళ్లు, ఆపైన న్యూరోసర్జరీలో ఎంసీహెచ్ మూడేళ్లు. లేదా ఎంబీబీఎస్ మీదనే ఆరేళ్ల ఎంసీహెచ్. పన్నెండేళ్లకు దగ్గర దగ్గర, అదీ ప్రతి పరీక్షా మొదటిసారే గట్టెక్కితే. ఆ ఏళ్లలో ఎక్కువ భాగం ఇలాంటి రాత్రులే.

ఆ చదువుకు మన దేశంలో చరిత్ర కూడా పెద్దది కాదు. మాంట్రియల్‌లో న్యూరోసర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర నేర్చుకుని వచ్చిన జేకబ్ చాందీ 1949లో వెల్లూరు సీఎంసీలో దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం తెరిచాడు. మరుసటి ఏడాది మద్రాసు జనరల్ ఆస్పత్రిలో బి. రామమూర్తి పని మొదలుపెట్టాడు. ఆంధ్రలో ఈ విద్యకు మొదటి గడప విశాఖపట్నం కింగ్ జార్జి ఆస్పత్రి. 1956లో సుంకర బాలపరమేశ్వరరావు అక్కడ న్యూరోసర్జరీ ప్రారంభించారు. సీటీ స్కాన్ పుట్టడానికి పదిహేనేళ్ల ముందు, ఎక్స్‌రే, సుత్తి, టార్చిలైటు, తన తర్కం, ఇవే సాధనాలుగా. మన దేశంలో ఈ రంగంలోకి ఆడవాళ్లు రావడం మద్రాసులో మొదలైంది. 1968లో అక్కడ ఎంసీహెచ్ పూర్తిచేసిన టి. ఎస్. కనక ఈ దేశపు తొలి మహిళా న్యూరోసర్జన్. ఈ రాత్రి మీ కుర్రాడి తల మీద వంగిన డాక్టరమ్మ ఆ వరసలో మనిషి.

అర్ధరాత్రి దాటాక ఆవిడ బయటికొచ్చింది. ‘కంటిపాప మామూలుకొచ్చింది. పొద్దున దాకా వెంటిలేటర్ మీద ఉంచుతాం. మళ్లీ స్కాన్ తీసి చూస్తాం’ అంది. బాగుపడ్డాడని మాత్రం అనలేదు. అది పొద్దున్నే కుర్రాడు చెప్పాలి. తెల్లవారి ఏడింటికి ట్యూబు తీశారు. పదింటికి కుడి చేత్తో మీ వేలు పట్టుకున్నాడు. ‘మావయ్యా, దాహం’ అన్నాడు.

ఆ ఉదయమే ఆవిడ ఓపీ ముందు బెంచీల మీద కూర్చుని చూడండి. న్యూరోసర్జన్ అంటే రాత్రిపూట గడ్డలు తీసే డాక్టరు మాత్రమే కాదని తెలుస్తుంది. తాటిచెట్టు మీద నుంచి జారిపడిన గీత కార్మికుడు స్ట్రెచర్ మీద ఉన్నాడు. వెన్నుపూస విరిగి కాళ్లు చచ్చుబడ్డాయి. మోకు తెగితే ఇల్లంతా కూలిపోయే బతుకులు. పక్కన ఒక తల్లి ఒడిలో మూడు నెలల బిడ్డ, తల వయసుకు మించి పెరిగింది. మెదడులో నీరు దిగే దారి మూసుకుపోయింది. మెదడు గది నుంచి పొట్టలోకి చర్మం కింద సన్నటి గొట్టం వెయ్యాలి. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ మన పేదవాళ్లకు అందుబాటులో ఉన్న గొట్టం. మరో బిడ్డ నడుము దగ్గర వెన్ను మూసుకోకుండానే పుట్టింది. ఇలాంటి బిడ్డ ఒకసారి పుట్టిన తల్లులకు గర్భం దాల్చకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్లీ అలా జరిగే ముప్పు 72 శాతం తగ్గిందని బ్రిటన్‌లోని వైద్య పరిశోధన మండలి (ఎంఆర్‌సీ) 1991లో నిరూపించింది. ఆశా కార్యకర్త ఇంటింటికీ పంచే మాత్రల్లో ఈ మందు ఉంటుంది. ఫిట్స్‌తో వచ్చిన అమ్మాయి స్కాన్‌లో క్షయ గడ్డ. దానికి ముందు కత్తి కాదు, నెలల తరబడి మందులు. మిరపకోతలో నడుము పట్టేసిన ఆవిడకు డిస్కు జారింది. ఆపరేషన్ వద్దు, విశ్రాంతి చాలంది డాక్టరమ్మ. కత్తి ఎప్పుడు పట్టకూడదో తెలియడమూ ఆ పన్నెండేళ్ల చదువులోదే.

చివర్లో కర్ర పట్టుకుని వంగి నడుస్తున్న పెద్దాయన. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మెట్ట ఊరివాడు. ఆయన జబ్బు పేరు ఫ్లోరోసిస్. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి ప్రాంతంలో ఈ జబ్బును మన దేశంలో మొదటిసారి వైద్యులు గుర్తించి లోకానికి చెప్పారు. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే వెన్నులో ఎముకా, బంధనాలూ గట్టిపడి దళసరి అవుతాయి. వెన్నుపాము పోయే దారి ఇరుకైపోతుంది. ఆ ఇరుకులో నాడులు ఎలా నలుగుతాయో, ఎవరికి ఆపరేషన్ పనికొస్తుందో ఏళ్ల తరబడి పరిశోధించి రాసింది మన తెలుగు న్యూరోసర్జనే. హైదరాబాదు నిమ్స్ డైరెక్టరుగా పనిచేసిన డి. రాజారెడ్డి. నాణేల చరిత్ర మీద కూడా పుస్తకాలు రాసిన పండితుడు ఆయన. ఫ్లోరోసిస్‌కు అసలు మందు ఆపరేషన్ థియేటర్‌లో లేదు, ఊరి కుళాయిలో ఉంది. మంచినీళ్లు ఇవ్వగలిగితే ఆ పెద్దాయన మనవడు ఈ బెంచీ మీదికి రాడు.

బెంచీలన్నీ చూసి వచ్చాక ఒక సంగతి మనసులో నిలబడుతుంది. ఇక్కడికి వచ్చే జబ్బుల్లో చాలావాటిని ఈ తలుపు బయటే ఆపవచ్చు. గీత కార్మికుడి నడుముకు కట్టే రక్షణ పట్టీతో, ఫోలిక్ యాసిడ్ మాత్రతో, మంచినీళ్లతో, ట్రక్కు వెనక నాలుగు రేడియం స్టిక్కర్లతో, తల మీద ఉండాల్సిన హెల్మెట్‌తో. ఆగనివాటిలో కూడా సగం వైద్యం ఆస్పత్రికి ముందే జరిగిపోతుంది. చేసేది రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లు.

వారం తరువాత డిశ్చార్జి. డాక్టరమ్మ మిమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ‘మీ అబ్బాయి బతికింది నా వల్ల ఒక్కదాని వల్లే కాదు బాబాయ్ గారూ. మెడ కదపనివ్వని ఆమె, ఫోన్ చేసిన ఈఎంటీ, నేను, అందరం కలిసి బతికించాం. గంట ఆలస్యమైతే ఇదే ఆపరేషన్ ఇలాగే చేసినా కుర్రాడు ఇలా లేచేవాడు కాదు. ఊళ్లో చెప్పండి. తలకి దెబ్బ తగిలి ఒక్క క్షణం స్పృహ తప్పినా స్కాన్ తీయించండి. అసలు స్పృహ తప్పకపోయినా 24 గంటలు ఒంటరిగా వదలొద్దు. వాంతి, పెరుగుతున్న తలనొప్పి, తికమక మాట, ఫిట్స్, ఒక పక్క బలం తగ్గడం, లేపినా లేవని నిద్ర, వీటిలో ఏ ఒక్కటి కనపడినా తెల్లవారేదాకా ఆగొద్దు. చెవిలోంచి, ముక్కులోంచి నీళ్లలాంటిది కారినా అంతే.’

ఈ మాటలు నేర్చుకోవడానికి పన్నెండేళ్లు అక్కర్లేదు. పరిటాల నుంచి నందిగామ దాకా, నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా ఈ రోడ్డు పక్కన టీ కాసేవాళ్లకూ పంక్చర్లు వేసేవాళ్లకూ ట్రాక్టర్లు తోలేవాళ్లకూ కళ్లాల కాపలావాళ్లకూ ఒక్క సాయంత్రం చాలు. ప్రతి ఊరికీ ఒక న్యూరోసర్జన్‌ను మనం ఇవ్వలేం. తలకు దెబ్బ తగిలినవాణ్ని చూసి ‘బాగానే ఉన్నాడు’ అని సరిపెట్టుకోకుండా ‘స్పృహ తప్పాడా, ఎంతసేపు?’ అని అడిగే మనిషిని మాత్రం ప్రతి ఊళ్లోనూ తయారుచేసుకోగలం. పంచాయతీలు, బడులు, డ్రైవర్ల సంఘాలు, డ్వాక్రా గ్రూపులు ఈ ఏడాదే ఆ పని పెట్టుకోవాలి.